3.55 తీసుకోవాలా, 3.73 తీసుకోవాలా?

అమెరికాలో పికప్ ట్రక్కు కొనడానికి వెళ్తే డీలరు రంగు అడుగుతాడు, సీట్లు లెదరా క్లాతా అని అడుగుతాడు, బెడ్ ఐదున్నర అడుగులా ఆరున్నరా అని కూడా అడుగుతాడు. వెనక ఆక్సిల్ (ఇరుసు) రేషియో ఎంత కావాలని అడిగిన డీలరు మాత్రం నాకింతవరకూ తగల్లేదు. విండో స్టిక్కర్ మీద ఫ్లోర్ మ్యాట్లకీ ఫాగ్ లైట్లకీ మధ్య ఎక్కడో చిన్న అక్షరాల్లో ఆ అంకె ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే సంతకం పెట్టేస్తారు. మిగతావి చాలావరకు తర్వాత సర్దుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. దీన్ని తర్వాత మార్చాలంటే ఆక్సిల్ విప్పాలి, వేల డాలర్లు పెట్టాలి. అందుకే ఇంజన్ ఏదో తేల్చుకున్న వెంటనే తేల్చుకోవాల్సిన విషయం ఇదేనని నా అభిప్రాయం. పైగా ఇది అభిరుచికి సంబంధించింది కాదు, కాగితం మీద లెక్కేస్తే తేలిపోయేది.

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళు ట్రావెల్ ట్రైలర్లు (బండి వెనక కట్టుకెళ్ళే చక్రాల ఇళ్ళు), చిన్న బోట్లు కొనడం మొదలుపెట్టాక నాకు ఈ విషయమై ఫోన్లు ఎక్కువయ్యాయి. నేను ఎఫ్-150 అనే ఫోర్డ్ పికప్‌తో ట్రైలర్ లాగుతానని తెలుసు కాబట్టి అడుగుతారు. ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: “అన్నా, 3.73 అయితే బండి బలంగా ఉంటుందట కదా?” ఆ బలం అనే మాట దగ్గరే అసలు తికమకంతా.

ముందు ఆ అంకె ఏమిటో చూద్దాం. ఇంజన్ నుంచి వెనక్కి వచ్చే షాఫ్ట్ చివర పినియన్ అనే చిన్న పళ్ళచక్రం ఉంటుంది. అది క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. టైర్లు ఒక్క చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేదే రేషియో. పినియన్‌కి 11 పళ్ళు, క్రౌన్‌కి 41 పళ్ళు ఉంటే 41ని 11తో భాగించాలి, 3.73 వస్తుంది. 39కి 11 అయితే 3.55. 41కి 10 అయితే 4.10. శుభ్రంగా 3.50 అనో 4.00 అనో పెట్టకుండా ఈ వంకర అంకెలెందుకని నాకు చాలాకాలం అనిపించేది. కారణం చాలా అందమైనది. 11కీ 41కీ ఉమ్మడి భాజకం లేదు. కాబట్టి పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్‌లోని ప్రతి పన్నునీ వరసగా కలుస్తుంది, అరుగుదల అన్నిటిమీదా సమానంగా పడుతుంది. 40కి 10 పెట్టారనుకోండి, ఒక్కో పన్ను ఎప్పుడూ అవే నాలుగు పళ్ళని రాసుకుంటూ ఉంటుంది.

మన ఊళ్ళో లారీలున్న ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఆటోనగర్‌లో క్రౌన్ పినియన్ కొనడానికి వెళ్తే దశాంశాలెవరూ చెప్పరు. “ఆరు ముప్ఫై ఏడా, ఏడు నలభై ఒకటా?” అని నేరుగా పళ్ళ లెక్కే అడుగుతారు. ఆరు ముప్ఫై ఏడంటే 6.17, ఏడు నలభై ఒకటంటే 5.86. క్వారీలో తిరిగే టిప్పర్‌కి ఏది, హైవే మీద సరుకు తోలే లారీకి ఏది అని అక్కడ కుర్రవాడైనా చెప్తాడు. బండి చేసే పనిని బట్టి క్రౌన్ ఎంచుకోవాలనే ఆ తెలివి మనకి ముందునుంచీ ఉంది. ఇక్కడికొచ్చి యాభై అరవై వేల డాలర్ల ట్రక్కు కొనేటప్పుడు మాత్రం ఎందుకు వదిలేస్తామో నాకు అర్థం కాదు.

ఇక 3.73 బలం సంగతి. అంకె పెద్దదైతే చక్రం దగ్గర టార్క్, అంటే తిప్పే బలం, పెరుగుతుందన్నది నిజమే. ఎంత పెరుగుతుందన్నదే చూడాలి. 3.55 నుంచి 3.73కి వెళ్తే పెరిగేది 5 శాతం. అంతే. పైగా ఇరుసు గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. క్రౌన్ సైజు అదే ఉంచి రేషియో పెంచాలంటే పినియన్ పళ్ళు తగ్గించాలి, లేదా క్రౌన్ పళ్ళు పెంచి సన్నం చెయ్యాలి, ఎలాగైనా పినియన్ చిన్నదవుతుంది. గట్టిదనం దృష్టితో చూస్తే అది వెనకడుగే.

మరి “బరువు లాగాలంటే పెద్ద అంకె తీసుకో” అన్న సలహా ఎక్కణ్ణుంచి వచ్చింది? నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ల కాలం నుంచి. ఆ రోజుల్లో అది నూటికి నూరుపాళ్ళూ సరైన సలహా. జీఎం ట్రక్కుల్లో లక్షల బండ్లలో వచ్చిన 4ఎల్60-ఈ ట్రాన్స్‌మిషన్ తీసుకోండి. దాని గేర్లు 3.06, 1.63, 1.00, 0.70. ఒక గేరుకీ ఇంకో గేరుకీ మధ్య అగాధం ఉంటుంది. ట్రైలర్‌తో ఎదురుగాలిలో నాలుగో గేరు మోయలేకపోతే మూడుకి దిగాలి. దిగితే ఇంజన్ ఒక్కసారిగా 43 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతూ అరుస్తుంది. ఆ అగాధాన్ని పూడ్చేది ఆక్సిల్ ఒక్కటే. అప్పట్లో 3.42కీ 4.10కీ తేడా అంటే నాలుగో గేరులో కొండెక్కడానికీ ఎక్కకపోవడానికీ ఉన్న తేడా.

2017 మోడల్ నుంచి ఎఫ్-150లో పది గేర్లొచ్చాయి. దానికి పోటీ అయిన రామ్ 1500లో 2013 నుంచే ఎనిమిది గేర్లున్నాయి. ఫోర్డ్ పది గేర్ల పెట్టెలో మొదటి గేరు 4.696, ఏడోది 1.00, ఎనిమిదోది 0.854, తొమ్మిదోది 0.689, పదోది 0.636. ఇప్పుడు ఈ లెక్క చూడండి. పాత ట్రక్కులో బాగా లాగుతుందని పేరున్న 4.10 ఆక్సిల్‌ని ఆ 3.06 మొదటి గేరుతో గుణిస్తే 12.5 వస్తుంది. కొత్త ట్రక్కులో అందరూ చిన్నచూపు చూసే 3.15 ఆక్సిల్‌ని 4.696తో గుణిస్తే 14.8. ఈనాటి బలహీనమైన ఆక్సిల్ ఆనాటి మొనగాడి ఆక్సిల్ కంటే మొదటి గేరులో గట్టిగా తోస్తుందన్నమాట. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను కాలిక్యులేటర్ మీద మళ్ళీ సరిచూసుకున్నాను.

హైవే మీద కూడా అంతే. ఎఫ్-150కి మామూలుగా వచ్చే 275/65ఆర్18 టైరు ఎత్తు దాదాపు 32 అంగుళాలు. 70 మైళ్ళ వేగంలో పదో గేరులో 3.15తో ఇంజన్ సుమారు 1,470 ఆర్‌పీఎం తిరుగుతుంది, 3.55తో 1,655, 3.73తో 1,740. చిన్న అంకెకీ పెద్ద అంకెకీ మధ్య మొత్తం 270. ఏడో గేరుకీ ఎనిమిదో గేరుకీ మధ్య ఉన్న ఎడం 17 శాతం. 3.15కీ 3.73కీ మధ్య ఉన్న ఎడం 18 శాతం. అంటే ఆక్సిల్ మార్చి తెచ్చుకునే తేడాని ట్రాన్స్‌మిషన్ ఒక్క గేరు దిగి ఇచ్చేస్తోంది, అదీ మనకి తెలియకుండా.

అయితే ఇక ఏ రేషియో అయినా ఒకటేనా అంటే కాదు. ఇక్కడే నేను “గేర్లు చూసుకుంటాయిలే, దొరికింది కొనుక్కో” అనేవాళ్ళతో విభేదిస్తాను. మొదటి గేరుకి కింద ఇంకో గేరు లేదు. రివర్స్‌కైతే తోడే లేదు, ఉన్నదొక్కటే గేరు. తడిసిన బోటు ర్యాంపు మీద బోటుతో సహా పైకి రావాలన్నా, ఏటవాలు డ్రైవ్‌వేలోకి ట్రైలర్‌ని అంగుళం అంగుళం వెనక్కి ఎక్కించాలన్నా, ట్రాన్స్‌మిషన్ దగ్గర దాచుకున్న గేరేమీ ఉండదు. అక్కడ ఆక్సిల్ అంకె పూర్తిగా పనిచేస్తుంది. నూనె వేడెక్కేదీ అక్కడే, నత్తనడకన కదిలేటప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని నూనె ద్వారా గేర్లకి అందించే భాగం) జారుతూ ఉంటుంది కాబట్టి.

కంపెనీ చెప్పే లాగే సామర్థ్యం కూడా ఆక్సిల్‌తో మారుతుంది. ఎందుకు మారుతుందో తెలియాలంటే జే2807 అనే ఎస్ఏఈ (ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం) ప్రమాణం చూడాలి. ఒకప్పుడు ఎవరికి తోచిన అంకె వాళ్ళు చెప్పుకునేవారు. టొయోటా 2011 మోడల్‌తో ముందుగా ఈ ప్రమాణానికి ఒప్పుకుంది, 2015 మోడల్ నాటికి ఫోర్డ్, జీఎం, రామ్ కూడా వచ్చాయి. ఇందులో పేరున్న పరీక్ష ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఘాట్. 11.4 మైళ్ళ పొడవునా సుమారు 3,000 అడుగులు ఎక్కాలి, ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గకూడదు, ఏసీ ఫుల్లుగా వేసి ఉండాలి, వేగం 40 మైళ్ళకి దిగకూడదు. దాంతోపాటు 12 శాతం వాలు మీద ఆగి ఉన్న బండిని ఐదు నిమిషాల్లో ముందుకి ఐదుసార్లు, మళ్ళీ వెనక్కి ఐదుసార్లు కదిలించాలి. ఆ వాలు మీద కదిలించే పరీక్షలో ఆక్సిల్ రేషియో నేరుగా తేలుతుంది. రామ్ 1500, 5.7 హెమీ ఇంజన్‌లో 3.21 ఆక్సిల్‌కీ 3.92 ఆక్సిల్‌కీ లాగే సామర్థ్యంలో రెండున్నర మూడు వేల పౌండ్ల తేడా ఉంటుంది. అక్కడ ఎడం 22 శాతం, అంటే ఒక గేరు కంటే ఎక్కువ. అందుకే రామ్ కొనేవాళ్ళకి నేను గట్టిగా చెప్తాను. ట్రైలర్ ఆలోచన ఉంటే 3.21 బండి రంగు ఎంత బాగున్నా, డిస్కౌంటు ఎంత ఇచ్చినా వదిలేయండి. 3.55కీ 3.73కీ మధ్య ఊగిసలాడే ఫోర్డ్‌వాళ్ళ సమస్య దానిముందు చాలా చిన్నది.

అసలు నాకు బాధ కలిగించేది ఇంకోటుంది. 3.73 ఉందన్న ధీమాతో బరువు లెక్క చూడకుండా బయల్దేరడం. డ్రైవరు డోరు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు, తెలుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దానిమీద రాసుంటుంది. అది 1,600 అనుకుందాం. ట్రైలర్ 7,000 పౌండ్లు. ట్రైలర్ ముక్కు హిచ్ (ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే అమరిక) మీద మోపే బరువు సాధారణంగా 10 నుంచి 15 శాతం ఉండాలి. 13 శాతమనుకుంటే 910. ఇంట్లో ఐదుగురూ ఎక్కితే 750. బరువుని సర్దే హిచ్ ఒక 90. మొత్తం 1,750 అయిపోయింది. ఇంకా వెనక బెడ్‌లో కూలర్ గానీ, జనరేటర్ గానీ, పిల్లల సైకిళ్ళు గానీ పెట్టనేలేదు. బ్రోషర్‌లో ఈ బండి 11,000 పౌండ్లు లాగుతుందని రాసి ఉండొచ్చు. స్ప్రింగులకీ వెనక టైర్లకీ ఆ బ్రోషర్‌తో పనిలేదు. ఈ స్టిక్కర్ మీది అంకెని ఏ ఆక్సిల్ రేషియో కూడా ఒక్క పౌండు పెంచదు. బ్రేకుల్ని మెరుగుపరచదు. పక్కగాలికి ట్రైలర్ ఊగడాన్ని ఆపదు. మనవాళ్ళు పెద్దవాళ్ళనీ పసిపిల్లలనీ ఎక్కించుకుని వెళ్తారు కాబట్టే ఈ మాట ఇంత గట్టిగా అంటున్నాను. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్స్ ఉంటాయి. కొద్ది డాలర్లకే ముందు ఆక్సిల్ మీద ఎంత, వెనక ఎంత, ట్రైలర్ మీద ఎంత అని విడివిడిగా తూచి చీటీ ఇస్తారు. నిండా సర్దుకుని, నీళ్ళ ట్యాంకు నింపుకుని, మనుషులతో సహా ఒక్కసారి తూయించుకోండి. రేషియో గురించి మాట్లాడుకోవడానికి ఆ చీటీ చేతిలో ఉండాలి.

నేను లాగేది 3.5 ఎకోబూస్ట్ ఇంజన్‌తో, ఆక్సిల్ 3.55. వేసవిలో డల్లాస్ నుంచి 287 హైవే పట్టుకుని అమరిల్లో మీదుగా కొలరాడో వైపు వెళ్తుంటాం. బయల్దేరేముందు అందరూ భయపెట్టేది న్యూ మెక్సికో, కొలరాడో సరిహద్దులోని రటోన్ కనుమ గురించి. 7,834 అడుగుల ఎత్తు కాబట్టి వినడానికి టెన్షన్‌గానే ఉంటుంది. నిజానికి కనుమ దగ్గర పని తేలిక. ఐదో గేరుకి దిగి, 55 మైళ్ళ దగ్గర 3,100 ఆర్‌పీఎం మీద నిలకడగా ఎక్కేస్తుంది. బండికి ఏం చెయ్యాలో స్పష్టంగా తెలుసు. ట్రాన్స్‌మిషన్‌ని సతాయించేది అంతకుముందు వచ్చే బల్లపరుపు నేల. అమరిల్లో దాటాక చెట్టూ చేమా లేని మైదానం, ఎదురుగాలి ఒకసారి ఉంటుంది ఒకసారి ఉండదు. టో/హాల్ మోడ్‌లో (బరువు లాగేటప్పుడు పెట్టుకునే సెట్టింగ్) 65 మైళ్ళ దగ్గర ఎనిమిదో గేరులో 2,060 ఆర్‌పీఎం. గాలి కొడితే ఏడుకి దిగుతుంది, 2,400. గాలి తగ్గితే మళ్ళీ ఎనిమిది. డాష్‌బోర్డ్ మీద ఆ గేరు అంకె మారుతూనే ఉంటుంది, పక్కనే ట్రాన్స్‌మిషన్ నూనె వేడి సూది మెల్లగా కదులుతుంది. నేను అప్పుడు మీట నొక్కి ఏడో గేరు దాటకుండా కట్టేస్తాను. సూది ఆగుతుంది. అదే చోట 3.73 ఉంటే ఎనిమిదో గేరులో 2,170 ఉండేది. వంద ఆర్‌పీఎం. అది ఎనిమిదిలోనే కాస్త ఎక్కువసేపు నిలబడేదేమో గానీ ఆ గాలికి అదీ దిగాల్సిందే.

కాబట్టి నన్నడిగే వాళ్ళకి నేను చెప్పేది ఇది. పది గేర్ల ఎఫ్-150 అయితే, తూకంలో మీ ట్రైలర్ 7,000 లోపే ఉంటే, 3.55తో నిశ్చింతగా ఉండండి. 3.73 ఉన్న బండి కోసం నెలల తరబడి ఎదురుచూడకండి. నెలకి రెండుమూడుసార్లు అంతకంటే బరువైనది లాగుతారా, కొండ ప్రాంతంలో ఉంటారా, ర్యాంపు మీద తరచూ బోటు దించుతారా, అయితే 3.73 అడగండి. దాంతో వచ్చే టో ప్యాకేజీలో ఏమేమున్నాయో కూడా చదవండి. ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్, కూలింగ్ సామగ్రి ఆ 5 శాతం టార్క్ కంటే ఎక్కువ పనికొస్తాయి. ఏమీ లాగకుండా ఆఫీసుకీ కాస్ట్‌కోకీ తిరిగే బండి అయితే 3.15 గానీ 3.31 గానీ చక్కగా సరిపోతుంది. ఏడాదికొకసారి స్నేహితుడి ఇల్లు మారేటప్పుడు లాగబోయే యూ-హాల్ అద్దె ట్రైలర్‌ని తలచుకుని ఆక్సిల్ ఎంచుకోకండి. అన్నిటికంటే బరువైన రోజుని కాకుండా, బండి ఎక్కువగా గడిపే రోజుల్లో బరువైనదాన్ని లెక్కలోకి తీసుకోండి.

పెద్ద డీజిల్ ట్రక్కుల లెక్క వేరు. వాటికి తక్కువ ఆర్‌పీఎంలోనే కావలసినంత టార్క్ ఉంటుంది. ఫోర్డ్ సూపర్ డ్యూటీ డీజిల్‌కి 3.31 కూడా ఇస్తారు, పెట్రోలుకైతే 4.30 దాకా వెళ్తారు. ఆ తరగతి బండ్లు కొనేవాళ్ళకి నా సలహా అక్కర్లేదు.

టైర్లు మార్చే ఆలోచన ఉన్నవాళ్ళకి మాత్రం ఉంది. మా ఫ్రెండ్ ఒకతను 32 అంగుళాల టైర్లు తీసి 35 వేయించాడు. చూడటానికి బండి ఠీవిగానే ఉంది. కానీ టైరు పెద్దదైతే రేషియో చిన్నదైనట్టే. అతని 3.55 కాస్తా 3.25తో సమానమైపోయింది. స్పీడోమీటర్ 70 చూపిస్తుంటే బండి 76లో పోతోంది. పాత ఊపు మళ్ళీ రావాలంటే 4.10 వేయాలి, 35 అంగుళాల టైరుతో అది పాత టైరు మీది 3.76తో సమానం. అతనిది ఫోర్ వీల్ డ్రైవ్. వెనక ఆక్సిల్ ఒక్కటే మారిస్తే ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు లెక్కల్లో తిరిగి ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఆక్సిల్స్‌కి శక్తి పంచే పెట్టె) బిగుసుకుపోతుంది, అందుకని రెండూ మార్చాలి. ఆ పని జరుగుతుంటే నేను పక్కనే ఉండి చూశాను. మెకానిక్ క్రౌన్ పళ్ళకి పసుపు రంగు ముద్ద రాసి చేత్తో తిప్పాడు. పినియన్ ఆనినచోట రంగు చెరిగి పన్ను మెరిసింది. ఆ మరక పన్ను అంచుకి పోయింది. అంతా విప్పి, షిమ్ అనే కాగితమంత పల్చటి రేకు ఒకటి మార్చి, మళ్ళీ బిగించి, మళ్ళీ రంగు రాశాడు. మరక పన్ను మధ్యకి వచ్చేదాకా అదే పని. పళ్ళ మధ్య వదులు అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలుస్తాడు, 6 నుంచి 10 మధ్య ఉండాలి. ఎక్కువైతే కొడుతుంది, తక్కువైతే వేడెక్కి ఊళ పెడుతుంది. చివర్లో మొదటి 500 మైళ్ళు ట్రైలర్ కట్టొద్దని, ఆ తర్వాత ఆక్సిల్ నూనె మార్చమని చెప్పి పంపాడు. ఈ పనికి తీసుకునే డబ్బు ఎక్కువని నేననను. అంత ఓపికున్న చేతులు దొరకడమే కష్టం. కానీ ఫ్యాక్టరీ ఆర్డర్‌లో కొన్ని వందల డాలర్ల ఆప్షన్‌తో పోయేదానికి తర్వాత ఇంత తతంగం.

పాత ట్రక్కు కొంటున్నవాళ్ళు ప్రకటనలో రాసింది నమ్మొద్దు. ఫోర్డ్ అయితే డోరు స్తంభం మీది లేబుల్‌లో ఆక్సిల్ కోడ్ ఉంటుంది, 19 అన్నా ఎల్9 అన్నా 3.55, ఎల్9కి ఎలక్ట్రానిక్ లాక్ (వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేది) కూడా ఉన్నట్టు. జీఎం పాత ట్రక్కుల్లో గ్లవ్ బాక్స్‌లో స్టిక్కర్ ఉంటుంది, జీయూ6 అంటే 3.42, జీటీ4 అంటే 3.73, జీటీ5 అంటే 4.10. అయితే మధ్యలో ఎవరైనా గేర్లు మార్పించి ఉంటే లేబుల్ పాతదే చెప్తుంది. టైర్లు పెద్దవిగా కనిపిస్తే ఆ అనుమానం తప్పకుండా పడాలి. లాక్ లేని మామూలు ఆక్సిల్ అయితే తేలికైన దారి ఉంది. చదునైన చోట ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి, స్టాండు మీద ఆనించి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. షాఫ్ట్ మీద సుద్దతో గీత గీయండి. లేపిన చక్రాన్ని రెండు చుట్లు తిప్పితే షాఫ్ట్ తిరిగినన్ని చుట్లే రేషియో. ఒక్కసారికి 3.55కీ 3.73కీ తేడా కంటికి ఆనదు. చక్రాన్ని ఇరవై చుట్లు తిప్పండి. షాఫ్ట్ ముప్ఫై అయిదున్నర దగ్గర ఆగితే 3.55, ముప్ఫై ఏడు దాటితే 3.73.